అమ్మ కాళ్ల కింది మన్ను

మే 4, ఆదివారం

చెల్లె రమకు,

నీ యారాలు సరస్వతి ప్రేమగా రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి, అత్త మోకాళ్లు గుర్తొచ్చి ఆగాను. మోకాళ్లు తప్ప అందరం క్షేమం.

చేతిలో ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతున్నావు కదూ. నీ ఫోన్ మోగితే ఎత్తేది నీ మొగుడు, నా మరిది. ఎత్తి, స్పీకర్ మీద పెట్టి, పొయ్యి దగ్గరున్న నిన్ను కేకేస్తాడు. ఇక్కడేమో నేను ఫోన్ పట్టుకుంటే మీ బావ పక్కన చేరి చెవులు రిక్కిస్తాడు. నేను చెప్పబోయేది నలుగురు వినేది కాదు. పైగా మహిళా సంఘం తీర్మానాలు ఇరవై ఏళ్లుగా రాసీ రాసీ నా చేతికి రాయడమే మాట్లాడడం కన్నా తేలికైపోయింది. వెనక వాడ యాకయ్య వారానికి రెండుసార్లు మీ మడికొండకు కూరగాయల ఆటో తెస్తాడు కదా, అతని చేతికి కందిపప్పు సంచి ఇచ్చాను. సంచి అడుగున ఈ ఉత్తరం ఉంటుంది. పప్పు డబ్బాలో పోసేటప్పుడు చూసుకో, పప్పుతో పాటు ఉడకబెట్టేవు.

పోయిన వారం వ్యవసాయ కాలేజీ పిల్ల ఒకతి మన ఇంటికి వచ్చింది. పేరు మహిత. రెండు నెలల కింద ఒకసారి వచ్చి చేనంతా తిరిగి పోయిందిలే, ఇప్పుడు కాగితాలు పట్టుకొని మళ్లీ వచ్చింది. నేల కొట్టుకుపోకుండా కట్టలు వేసినవాళ్లు ఎందుకు వేశారు, వేయనివాళ్లు ఎందుకు వేయలేదు, ఇంటింటికీ తిరిగి అడగడం ఆమె చదువట. మనం మొదలుపెట్టాం అని చెప్పాను. అయితే కారణం చెప్పమని కాగితం చూపించింది. సబ్సిడీ వస్తుందని, అధికారులు చెప్పారని, పక్క రైతును చూసి, దిగుబడి పెరుగుతుందని, అని నాలుగు గడులు. అయిదోది ఇతరములు. నేను దాని మీద గీత పెట్టమన్నాను. పక్కన అర అంగుళం ఖాళీ ఉంది, అందులో వివరం రాయాలట. "బిడ్డా, గీ జాగల మా అత్త పట్టది" అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. అందులో పట్టనిదంతా నీకు రాస్తున్నాను.

పంపకం నాటి సంగతి నీకు తెలియంది కాదు. అయినా మళ్లీ చెప్పనీ. ఎనిమిదేళ్ల కింద, మామ పోయిన యేడు. ఆరెకరాల వాలు చెల్క. మీద ఎర్ర దుబ్బ, కింద వాగు దగ్గర నల్ల రేగడి. అడ్డంగా పంచితే ఒకరికి దుబ్బ, ఒకరికి రేగడి వస్తుంది. పెద్దమనుషులు తలలు గోక్కుంటుంటే అత్త కొంగు నడుముకు చుట్టుకొని లేచింది. "ఇద్దరు నా కడుపుల పుట్టినోళ్లే. ఒకనికి మీగడ, ఒకనికి మజ్జిగ పోస్తనా? నిలువుగ చీరుండ్రి. ఇద్దరికి దుబ్బ రావాలె, ఇద్దరికి రేగడి రావాలె" అన్నది. చిలుకమ్మ న్యాయమంటే న్యాయమని ఊరంతా అత్తను మెచ్చుకుంది. పైన మైసమ్మ రాయి దగ్గర తాడు ఒక కొస మీ బావ పట్టుకున్నాడు, కింద వాగు దగ్గర ఇంకో కొస మరిది పట్టుకున్నాడు. తాడు వెంట ఇద్దరి పాళ్ల మధ్య హద్దుగా గెట్టు పడింది. మరిది ఎండాకాలంలో మేస్త్రీ పనికి పోయేవాడు కదా, ఆ పనిలో మిగిలిన పసుపు రంగు పెయింట్ తెచ్చి, మైసమ్మ రాయి చుట్టూ అడుగున మట్టిని ఆనించి పట్టీ వేశాడు. "అమ్మకు చీర అంచు" అన్నాడు. మనిద్దరం ఎంత మురిసిపోయామో.

ఆ న్యాయమే మన నేలను తిన్నది రమా. ఇద్దరికీ వచ్చింది పై నుంచి కింది దాకా పొడుగాటి సన్నని ముక్క. అందులో ట్రాక్టర్ అడ్డంగా దున్నాలంటే మళ్లడంతోనే పొద్దు గూకుతుంది. ఏ డ్రైవరూ ఒప్పుకోడు. కాబట్టి నిలువు దుక్కి, నిలువు సాళ్లు. మామ పారతో, తట్టతో వేసిన అడ్డం కట్టలు నాలుగుండేవి. ట్రాక్టరుకు అడ్డమొస్తున్నాయని పైన మూడింటినీ ఎవరి పాలులో వాళ్లం, పోటీ పడి మరీ చదును చేశాం. ఇక వాన నీళ్లకు మనమే రోడ్డు వేసి ఇచ్చినట్టయింది. వాగు ఎర్రగా పారుతుంటే మంచి వాన పడిందని సంతోషపడ్డాం. ఆ ఎరుపు మనదేనని ఎవరికి తట్టింది? అధికారులు చెప్పకపోలేదు. రైతు వేదికలో తెర కట్టి సినిమా కూడా వేశారు. మీ బావ ఆ చీకట్లో హాయిగా ఒక కునుకు తీసి వచ్చాడు.

ఇంతలో మన మైసమ్మ రాయి పెరగడం మొదలుపెట్టింది. నువ్వు ఉన్నప్పుడే అత్త అంటుండేది, "అమ్మ పెరుగుతాందే" అని. నువ్వు పోయాక ఊరంతా అదే మాట. పోయిన బోనాలకు పక్క ఊరి ఆడవాళ్లు కూడా వచ్చి కొబ్బరికాయలు కొట్టి పోయారు. అత్తకు ఒకటే గొప్ప. మహిత మొదటిసారి వచ్చినప్పుడు నేను కూడా గర్వంగా ఆ రాయి చూపించాను. ఆ పిల్ల నవ్వలేదు. కింద కూర్చొని, పసుపు పట్టీ మీద చేయి పెట్టి, "అమ్మా, ఈ పెయింట్ వేసినప్పుడు మట్టి ఇక్కడిదాకా ఉండెనా?" అని అడిగింది. ఉండె అన్నాను. పట్టీ నుంచి నేల దాకా చేయి చాపింది. సరిగ్గా జానెడు. రాయి పెరగలేదు రమా, నేల దిగిపోయింది. అమ్మవారు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకొని బురదలో నిలబడ్డట్టు కనబడింది నాకు.

అత్తకు ఎట్లా చెప్పాలో నాకు తోచలేదు. చెప్పకుండా ఉండలేక చెప్పాను. నమ్మలేదు. యాకయ్య ఆటోలో చేను దాకా తీసుకుపోయాను. రాయి ముందు కూలబడి, పట్టీని తడిమింది, నేలను తడిమింది, మళ్లీ పట్టీని తడిమింది. "అమ్మ పెరుగుతాందని నేను సంబురపడుతాన్న బిడ్డా. అమ్మ కాళ్ల కింది మన్ను పోతాంటే నాకు సోయి లేకపాయె" అని ఏడ్చింది. మామ పోయిన నాడు కూడా అంతగా ఏడ్వలేదు. ఇంటికొచ్చాక మీ బావను కూర్చోబెట్టి, "లింగూ, నిలువుగ చీరుండ్రి అన్నది నేనే. తప్పు నాది. నేను కండ్లు తెరిచి ఉన్నప్పుడే మీ బాపు కట్టలు మళ్ల వెయ్యిరా" అన్నది. మీ బావ తెల్లారి గడ్డపార భుజాన వేసుకొని పోయాడు. సబ్సిడీ చేయలేని పని, సినిమా చేయలేని పని అత్త కన్నీళ్లు చేశాయి. చెప్పు, ఇది ఏ గడిలో రాయాలి?

కానీ పని సగంలోనే చెడింది. వాలుకు అడ్డంగా కట్ట వేయాలంటే ముందు నేల మట్టం చూసుకోవాలని మహిత చెప్పింది. మేస్త్రీలు వాడే నీళ్ల పైపు ఉంటుంది కదా, ఒక్కో కొస ఒక్కరు పట్టుకుంటే రెండు చివర్లా నీళ్లు సమానంగా నిలిచేది, దాంతో చూడాలట. "నాకు కండ్లు లేవా" అని మీ బావ చూపు అంచనాతోనే మా పాలు వరకు ఒక కట్ట వేశాడు. పోయిన వారం గాలివాన వచ్చింది. నీళ్లు ఆ కట్ట వెంట పారి, గెట్టు దాటి, బీడుగా ఉన్న మీ పాలులోకి దూకి, కట్టను చుట్టివచ్చి మళ్లీ మా చేనును కోశాయి. సగం కట్ట ఉండడం కన్నా లేకపోవడమే మేలు. రెండు పాళ్లకూ కలిపి ఈ చివర నుంచి ఆ చివరకు వేస్తేనే నిలుస్తుంది. మట్టం చూడడం వచ్చినవాడు మన ఇంట్లో ఒక్కడే, వాడు మీ మడికొండలో పరాయివాళ్ల మేడలు కడుతున్నాడు.

ఇక అసలు సంగతి. మీ పాలును మరిది ఇటుక బట్టీవాళ్లకు ఇస్తున్నాడని ఊళ్లో అనుకుంటున్నారు. వాళ్లు మట్టి రెండు మీటర్ల లోతు తోడుకుపోతారట. నిజమేనా? అదే జరిగితే ఆ గుంత పక్కన మా ముక్క కూడా వానకింత జారిపోతుంది, మైసమ్మ రాయి దొర్లి అందులోనే పడుతుంది. అత్తకు ఈ మాట ఇంకా తెలియదు. మృగశిర కార్తెకు నెల రోజులుంది. అన్నదమ్ములు ఆరేళ్లుగా పలకరించుకోవడం లేదు కాబట్టి నిన్నే అడుగుతున్నాను. ఇటుకలకు ఇవ్వొద్దని, కట్టకు ఒప్పుకొమ్మని మరిదికి చెప్పు. నీ మాట వింటాడు. వినకపోతే పప్పులో ఉప్పు వేయకు, రెండు రోజుల్లో దారికొస్తాడు.

నీ డబ్బాకు ఎప్పుడూ ఒక సోలెడు ఎక్కువే పోసే
అక్క సరస్వతి

*

మే 14, బుధవారం

అక్కకు,

పప్పు అందింది. ఉత్తరం అందింది. అత్త మోకాళ్లకు నూనె పంపుతున్నాను.

బట్టీ మాట నిజమే. ఆదివారం తర్వాత ఖాయం చేస్తారు. నేను అడిగితే ఆయన ఒకటే మాట అన్నాడు. "ఆ భూమి నాకు అచ్చిరాలె. ఆరేండ్ల కింద వాన మిర్పతోటను తీస్కపోయింది. అది దేవుడు చేసిన పని, మనుషులు చేసింది కాదు. దేవుడే వద్దన్న భూమికి నేను కట్ట కట్టుడేంది?" అన్నాడు.

దీనికి నేనేం జవాబు చెప్పాలో నువ్వే చెప్పు అక్కా.

రమ

*

మే 15, గురువారం

రమా, నా తల్లీ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. చిన్న ఉత్తరం. చదివినప్పటి నుంచి నా నోట్లోకి ముద్ద దిగడం లేదు. మీ బావ అడిగితే పన్ను నొప్పి అన్నాను. అబద్ధం చెప్పడం నాకు ఇంత తేలిగ్గా ఎప్పుడు అలవాటైందో నాకు తెలుసు. ఆ రోజు సంగతే నీకు చెబుతాను.

అది దేవుడు చేసిన పని కాదు రమా. నేను చేసిన పని.

ఆ యేడు ఎంగిలిపూల బతుకమ్మ ఇంకో మూడు రోజులుందనగా వాన పట్టుకుంది కదా. రెండో రోజు మధ్యాహ్నం మీ బావ, అత్తను తీసుకొని వరంగల్ దవాఖానకు పోయాడు. మరిది ఊళ్లోనే ఒక ఇంటి పనికి పోయాడు, నువ్వు పూల కోసం పోయావు. నాకు ఇంట్లో నిలవబుద్ధి కాక చేనుకు పోయాను. మామ కట్టల్లో మిగిలింది కిందిది ఒక్కటే కదా, దాని వెనక మా పాలులో నీళ్లు నడుము లోతున నిలిచి ఉన్నాయి. పత్తి మునిగింది. కాయ పట్టిన పత్తి. మీ పాలు అక్కడ కొంచెం మెరక కాబట్టి మీ కట్ట దగ్గర పాదం తడిసేంతే ఉన్నాయి. పార చేతిలోనే ఉంది. గెట్టుకు ఒక్క చేయి వెడల్పు గండి కొడితే నీళ్లు రెండు పక్కలా పంచుకుంటాయి, ఎవరికీ నష్టం ఉండదు అనుకున్నాను. ప్రమాణంగా అంతే అనుకున్నాను. కానీ నిన్ను అడగాలని అనుకోలేదు. అడిగితే నువ్వు వద్దంటావేమోనని అనుకున్నాను. అంటే తప్పని తెలిసే కొట్టాను. ఈ మాట నాకు నేను ఒప్పుకోవడానికే ఆరేళ్లు పట్టింది.

నాలుగు పార దెబ్బలు వేశానో లేదో, పైనుంచి కొట్టుకొచ్చి పేరుకున్న ఎర్రమట్టి నానిపోయి ఉన్నదేమో, గండి నా కళ్ల ముందే నోరు తెరిచింది. చేయి వెడల్పు కాస్తా మూర అయింది, మూర కాస్తా గజమైంది. నీళ్లన్నీ ఒక్కసారి మీ పక్క పడ్డాయి. మీ పక్క కట్ట అంత బరువు ఆపలేక తెగింది. దాని కింద నీ మిరప. అంతకు నెల ముందు నువ్వూ నేనూ నడుములు వంచి, బతుకమ్మ పాటలు పాడుకుంటూ నాటిన మిరప. సాలు వెంట సాలు, మొక్క వెంట మట్టి, మట్టి వెంట మొక్క వాగులోకి పోతుంటే నేను పిచ్చిదానిలా గండిలో అడ్డం కూర్చున్నాను. పత్తి చెట్లు పీకి వేశాను. చీర కొంగు చింపి మట్టి మూట కట్టి కుక్కాను. అదీ కొట్టుకుపోయింది. అప్పుడిక లేచి ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కొని, పొయ్యి మీద చాయ పెట్టాను. చూశావా, చాయ పెట్టాను.

నువ్వు తంగేడు పూల గంప అట్లాగే నెత్తిన పెట్టుకొని ఉరికొచ్చి, "అక్కా, తోట పోయిందే" అన్నావు. నేను "అయ్యో, గెట్టు తెగిందా" అన్నాను. నీతో కలిసి చేనుకు మళ్లీ వచ్చాను, నీతో పాటు ఏడ్చాను. ఆ ఏడుపు మాత్రం దొంగ ఏడుపు కాదు, నమ్మితే నమ్ము. చెప్పాలని నోటిదాకా వచ్చింది. బతుకమ్మ పోనీ అనుకున్నాను. దసరా పోనీ అనుకున్నాను. దీపావళి నాటికి మీరు సామాను సర్దుకున్నారు. మరిది పార గోడకు ఆనించి, "ఇగ నాతోని కాదు వదినా" అని నా ముఖం చూడకుండా అన్నాడు. నేను ఆ ఆటో వెనక గేటు దాకా వచ్చి చేయి ఊపాను.

తర్వాత ఇంకో పాపం జరిగింది, అది మొదటిదాని కన్నా పెద్దది. మీ బావ తమ్ముణ్ణి పనిదొంగ అన్నాడు. ఒక్క పంట పోతే భూమి విడిచి పట్నం ఉరికిండు, మా బాపు పేరు చెడగొట్టిండు అన్నాడు. ఆ మాట మరిది చెవిన పడి రాకపోకలు బందయ్యాయి. ఆరేళ్లుగా ఆయన ఆ మాట అన్నప్పుడల్లా నేను పక్కనే ఉండి అన్నం వడ్డిస్తూనే ఉన్నాను. "కాదు, గండి కొట్టింది నేను" అని ఒక్క మాట అంటే అన్నదమ్ములు మళ్లీ ఒకటయ్యేవాళ్లు. ఆ ఒక్క మాట నా గొంతు దాటలేదు. నేను సంఘంలో వందమందికి ధైర్యం చెప్పేదాన్ని.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, దేవుడి మీద వేసి ఊరుకోబుద్ధి కాలేదు. అత్త అంత పెద్దదై ఉండి, కొడుకు ముందు, రాయి ముందు తప్పు నాది అన్నది. ఆమె చేసిన దాంట్లో తప్పు లేదు, ఇద్దరి మీదా సమానమైన ప్రేమ ఉంది. నేను చేసిన దాంట్లో ఏముంది? నీకు దాచి నిన్ను కట్టకు భూమి అడిగితే, ఆ కట్ట అడుగున నా అబద్ధమే ఉంటుంది. ఏ వానకైనా అక్కడే తెగుతుంది.

మరిదికి జవాబు అడిగావు కదా, ఇదీ జవాబు. ఈ ఉత్తరం ఆయనకు చదివి వినిపించు. స్పీకర్ మీద పెట్టినా సరే. భూమి బట్టీకి ఇచ్చినా నేను ఇంకొక్క మాట అనను. మీ బావకు ఇంకా చెప్పలేదు. ముందు నీకు చెప్పడం న్యాయం అనిపించింది. నన్ను తిట్టు రమా. తిట్టకుండా మాత్రం ఉండకు.

సంచిలో ఈసారి ఏమీ పెట్టలేదు. పెట్టే ముఖం లేదు.

సరస్వతి

*

మే 21, బుధవారం

అక్కకు,

తిట్టమన్నావు. మొదట అదే పని చేస్తాను. సంచి ఖాళీగా పంపితే యాకయ్య ఏమనుకుంటాడు? ఖాళీ సంచి మోసుకొచ్చి, "మీ అక్కకు ఏమైందమ్మ, తబియత్ మంచిగ లేదా?" అని వాకిట్లో నిలబడి అందరూ వినేలా అడిగాడు. నీకు ఒంటి మీద సోయి లేదు. ఇదీ తిట్టు, తీసుకో.

ఇక విను. గండి కొట్టింది నువ్వేనని నాకు ఆ రోజే తెలుసు.

నీ చీర కొంగు కొట్టుకుపోలేదు అక్కా. నా మిరప సాళ్ల చివర ఒక రాయికి చుట్టుకొని ఉంది. ఆకుపచ్చ చీర, కొత్తవాడ మగ్గాల దగ్గర మనిద్దరం ఒకే రకం తీసుకున్నాం కదా, అంచు చూడగానే గుర్తుపట్టాను. గెట్టు దగ్గరికి పోయి చూస్తే పత్తి చెట్లు వేళ్లతో సహా పీకి అడ్డం పడేసి ఉన్నాయి. గండి కొట్టిన చేయే దాన్ని మూయడానికి ఎంత తన్నుకులాడిందో నాకు అక్కడే తెలిసింది. ఆ గుడ్డముక్క రొండిన చెక్కుకొని ఇంటికి వచ్చాను. నువ్వు చాయ ఇచ్చావు. నీ గోళ్ల నిండా ఎర్రమట్టి. నేను చాయ తాగాను.

మరి ఎందుకు అడగలేదు అంటావేమో. ఇప్పుడు నా వంతు. నేను ఖిలా వరంగల్ కోట గోడ పక్కన పుట్టి పెరిగినదాన్ని. పెళ్లయినప్పటి నుంచి నాకు ఆ చేనంటే భయం. పాములంటే భయం, బావి అంటే భయం, వాన ఎక్కువ పడితే భయం, పడకపోతే భయం. పట్నం పోదామని ఆయనను అప్పటికే రెండేళ్లుగా బతిమాలుతున్నాను. నాకు భూమే ప్రాణం అని ఆయన కదలలేదు. తోట పోయిన రోజు ఆయన ముఖం చూసి నాకు ఒకటి అర్థమైంది. గండి వదిన కొట్టింది అని చెప్పానంటే, అన్నతో కొట్లాడి, పంతానికి ఆ భూమినే పట్టుకొని ఉంటాడు. చెప్పకపోతే మనసు విరిగి నా వెంట వస్తాడు. చెప్పలేదు. నా సుఖం కోసం చెప్పలేదు. బావ ఆయనను పనిదొంగ అన్నాడని తెలిసి ఆయన ఈ గదిలో గోడ వైపు తిరిగి కూర్చుంటే, అప్పుడూ చెప్పలేదు. నువ్వు ఒక్కదానివే దాచావనుకుంటున్నావు. నీ అబద్ధం మీద నేను ఆరేళ్లు కాపురం చేశాను.

పోయిన ఉత్తరంలో దేవుడి మాట కావాలనే రాశాను. ఆయన అన్నమాట నిజమే కానీ, నీకు రాయకుండా ఉండగలిగేదాన్ని. నువ్వు చెబుతావా లేదా చూద్దామని రాశాను. చెప్పకపోతే బట్టీ బేరానికి నేను అడ్డం పడేదాన్ని కాదు. ఆదివారం వాళ్లను ఇంకో వారం ఆగమన్నది నేనే. నీ ఉత్తరం వచ్చేదాకా నాకు కూడా ముద్ద దిగలేదు. నాకు పన్ను నొప్పి కూడా లేదు, అన్నం సహించలేదని నిజమే చెప్పాను.

నిన్న ఆయన పని నుంచి వచ్చి స్నానం చేశాక నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. తర్వాత నా సంగతి కూడా చెప్పాను. అన్నం తిన్నాడు. కంచం తానే కడిగాడు, ఎప్పుడూ కడగడు. నల్లా దగ్గరి బిందెలు కూడా నింపి పెట్టాడు. కొడతాడేమో అనుకున్నాను, ఎన్నడూ కొట్టిన మనిషి కాదు. లోపలికొచ్చి, "గండి ఎంత వెడల్పు పడ్డదని రాసింది వదిన?" అని అడిగాడు. గజం అన్నాను.

"గజం గండి పడ్డంక వదిన ఒక్కతి ఎట్ల పూడుస్తది?" అన్నాడు. "నన్ను పిలువొద్దా? నేను దగ్గర్నే పని చేస్తాన్న గద. పిలిస్తే ఉరికి రాకపోదునా?"

అంతే అక్కా. దాని మీదే ఆయనకు ఏడుపొచ్చింది. తోట పోయినందుకు కాదు, నువ్వు పిలవనందుకు.

అత్త చెప్పిన మాట కూడా చెప్పాను, అమ్మ కాళ్ల కింది మన్ను అని. దానికి మాత్రం కోపం చేశాడు. "మా అవ్వను ఆ మోకాళ్లతోని చేనుకు తీస్కపోయిండ్రా?" అన్నాడు. తర్వాత చేయి చాపి జానెడు అంటే ఎంత ఉంటుందో గోడ మీద కొలిచి చూసుకున్నాడు. బట్టీ అతనికి ఫోన్ చేసి, "జర వేరే జాగ చూసుకోండి సార్" అని చెప్పాడు. స్పీకర్ మీదే చెప్పాడు.

కట్టల మీద నాదొక మాట. నాకు వ్యవసాయం రాదు కానీ కోట పక్కన పుట్టాను. మా ఖిలాలో రాతికోట చుట్టూ మట్టికోట ఉంటుంది కదా, చిన్నప్పుడు దాని మీద జారుతూ ఆడుకునేవాళ్లం. రాజులు పోయారు, మట్టికట్ట అట్లాగే ఉంది. ఎట్లా ఉందంటే, ఒంటి నిండా గడ్డి పట్టుకొని ఉంది. మన కట్టల మీద కూడా గడ్డి పెట్టాలి, గీకి పారేయవద్దని బావకు చెప్పు. ఆ కాలేజీ పిల్ల వస్తే ఈ మాట కూడా రాసుకొమ్మను. ఏ గడిలో పట్టిస్తుందో ఆమె ఇష్టం.

ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకు వస్తున్నాం. నాకు పాములంటే భయం పోలేదు, ముందే చెబుతున్నాను. తట్ట మోస్తాను కానీ పొదల దగ్గరికి పోను. మేం వచ్చేలోగా బావకు నువ్వే చెప్పాలి. నా నోటి నుంచో ఆయన నోటి నుంచో బావ వినకూడదు. ఒకవేళ మాట రాకపోతే, రాసి కంచం పక్కన పెట్టు. నీకు రాయడం తేలికే కదా.

సంచి అడుగున చూడు. ఆరేళ్లు నా ట్రంకు పెట్టెలో ఉంది. ఉతికి ఇస్త్రీ చేశాను, మట్టి మరక మాత్రం పోలేదు.

ఇంకొక్కటి. పొద్దున ఆయన పనికి పోతూ, మేకుకు తగిలించి ఉన్న నీళ్ల పైపు తీసి, చుట్ట చుట్టి, ఊరికి పోయే సంచిలో పెట్టుకున్నాడు. చెప్పులు వేసుకుంటూ నా వైపు చూడకుండా అన్నాడు, "కంటి చూపుతోని కట్ట వేసిండట మా అన్న. ఆదివారం పైపు ఒక కొస నేను పట్టుకుంటా. ఇంకో కొసకు ఇంకెవ్వర్నీ పెట్టద్దను. అన్ననే పట్టుకొమ్మను."

నీ చెల్లె
రమ